తెగితే పట్టుకునే చెయ్యి

మా ఇంట్లో మొదట విల్లు పట్టింది మా అమ్మాయి. తరువాత పట్టింది నేను. మధ్యలో మా ఆయన కూడా ఒకసారి పట్టాడు కానీ, ఆ ముచ్చట దాని చోట వస్తుంది. అమ్మాయికి పుణెలో ఉద్యోగం వచ్చి, అక్కడి మైదానంలో కొత్త విల్లు చేతికి రాగానే, పాతది నా మంచం మీద పెట్టి "అమ్మా, ఇగ ఇది నీదే" అని వెళ్ళిపోయింది. అప్పటికి నాకు నలభై దాటాయి. మెట్లెక్కితే మోకాళ్ళు సణుగుతాయి. అయినా వద్దనలేదు. నిజం చెప్పాలంటే, ఆ మాట ఎప్పుడంటుందా అని చాలాకాలంగా కాచుకుని ఉన్నాను.

మేముండే ఈ మరాఠీ ఊళ్ళో, నార్పోలి పేట చివర, కార్ఖానాల వెనక ఒక ఖాళీ జాగా ఉంది. రైల్వేలో పనిచేసి రిటైరైన మరాఠీ పెద్దాయన ఒకాయన అక్కడ పిల్లలకు విలువిద్య నేర్పుతాడు. అందరం ఆయన్ను సర్ అంటాం. అమ్మాయి బడికి వెళ్ళే రోజుల నుంచీ మా ఇల్లున్న కామత్‌ఘర్ నుంచి షేర్ ఆటోలో దాన్ని అక్కడికి తీసుకెళ్ళి, రేకుల పందిరి కింద కూర్చుని చూస్తుండేదాన్ని. చూసీ చూసీ ఎవరి మోచెయ్యి ఎక్కడ జారుతోందో, ఎవరు ఊపిరి బిగబట్టి బాణం పాడు చేసుకుంటున్నారో కూర్చున్న చోటి నుంచే చెప్పేదాన్ని. ఒడ్డున కూర్చున్నవాళ్ళకు ఈత ఎప్పుడూ సులువే. నా వ్యాఖ్యానం వినలేక ఒకనాడు సర్, "తాయీ, ఆప్ ఖుద్ పకడో నా" అన్నాడు. అక్కా, మీరే పట్టుకోరాదా అని. ఆయన ఎగతాళికే అన్నాడు. నేను మాత్రం మనసులో పెట్టుకున్నాను.

అమ్మాయి ఇచ్చింది కాంపౌండ్ విల్లు. బొమ్మల్లో రాముడి చేతిలో ఉండేలాంటిది కాదు. రెండు కొసలకూ చక్రాలుంటాయి. తాడు లాగుతుంటే మొదట్లో ప్రాణం పోతుంది. సగం దాటాక ఆ చక్రాలు తిరిగి బరువు చాలావరకు తామే మోస్తాయి. అప్పుడు నింపాదిగా గురి చూసుకోవచ్చు. గురి చూసే అద్దంలో చిన్న గాజు గొట్టం, అందులో నీటి మధ్య ఒక గాలి బుడగ. విల్లు నిటారుగా ఉంటే బుడగ మధ్యలో ఉంటుంది, వాలితే పక్కకు పోతుంది. కుడిచేతి గుప్పిట్లో తుపాకీకి ఉన్నట్టు ఒక మీట, గుర్రం అంటారు, దాన్ని నొక్కితే తాడు వదులుతుంది. విల్లు మోసేది ఎడమ చెయ్యి. చెప్పుకుంటే ఇంతే. ఇంత సులువైన పనిలో నేనెందుకు తడబడుతున్నానో నాకే అర్థం కాలేదు.

దగ్గరి టార్గెట్ మీద బాగానే వేసేదాన్ని. యాభై మీటర్ల గీత మీదికి వెళ్ళేసరికి విల్లు నా మాట వినడం మానేసింది. ఒక బాణం కుడికి, దాని వెనకది ఎడమకి. బాణం వెళ్ళగానే విల్లు చేతిలో మెలిక తిరిగేది. ఒక్కోసారి ఫోము పలక అంచుకు గుచ్చుకునేది, ఒక్కోసారి అదీ తప్పి వెనక మట్టికట్టలో పడేది. ఆ కట్ట వెనకే కార్ఖానా గోడ ఉంది, గోడ అవతల మనుషులు పనిచేస్తుంటారు.

చలికాలంలో చుట్టుపక్కల మైదానాల వాళ్ళంతా మా దగ్గర కలిసి పోటీ పెట్టుకుంటామన్నారు. నలభై దాటిన ఆడవాళ్ళ వరుసలో మా మైదానం నుంచి ఎవరూ లేరు. నేను వేస్తానన్నాను. సర్ గడ్డం గోక్కుని, ముందు ఒక పరీక్ష పెడతానన్నాడు. ఆరు బాణాలు వేయాలి, ఆరూ పలకలోనే ఉండాలి. ఒక్కటి బయటికి పోయినా పోటీలో గీత మీద నిలబడనివ్వనన్నాడు. గోడ అవతల మనుషులుంటే ఇంకోలా చెప్పడం ఆయనకు కుదరదు. నాకది తెలుసు. అయినా ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేకపోయాను. చిన్నప్పటి నుంచి నూలు చుట్టే కండెల మిషను ముందు కూర్చున్నాను, పొయ్యి ముందు కూర్చున్నాను, పందిరి కింద కూర్చున్నాను. నిలబడి, నా వంతు కోసం నన్ను పిలిచే చోటు ఒకటి నాకు కావాలనిపించింది. ఆ గీత మీద నిలబడాలని ఎంత కోరికగా ఉండేదో ఇంట్లో చెప్పుకోవడానికి సిగ్గేసేది.

సర్ నా విల్లు చూసి స్టెబిలైజర్ పెట్టమన్నాడు. అంటే కడ్డీలు. విల్లు ముందు నుంచి పొడుచుకువచ్చే పొడుగు కడ్డీ ఒకటి, వెనక్కి ఎడమపక్కకు వచ్చే పొట్టి కడ్డీ ఒకటి. వాటి కొసలకు చిన్న చిన్న ఇనుప బిళ్ళలు బిగిస్తారు. ముందు బరువుంటే విల్లు బెదరదు. గురి అద్దమూ బాణం ఆనే కొక్కెమూ కుడిపక్కనే ఉంటాయి గనుక, వాటికి సరితూగడానికి ఎడమన బరువు. అమ్మాయి పాత కడ్డీలు అటక మీద దొరికాయి. పొడుగు కడ్డీ తగిలించిన విల్లుతో షేర్ ఆటో ఎక్కితే ఎదుటివాళ్ళ కడుపులో గుచ్చుకునేది. "ఆంటీ, యే ఏంటెనా కిధర్ లగానే కా హై?" అని, ఈ ఏంటెనా ఎక్కడ పెట్టడానికని ఆటోవాడు అడిగితే, "తుమ్హారే సర్ పే" అన్నాను, నీ నెత్తిమీద అని. ఆ మార్గంలో వాళ్ళంతా నన్ను ఏంటెనా ఆంటీ అనడం అప్పటి నుంచే.

కడ్డీలు వచ్చాయి కానీ వాటి బిళ్ళలు ఎక్కడ పోయాయో దొరకలేదు. అక్కడే మా ఆయన రంగంలోకి దిగాడు.

మాకు కామత్‌ఘర్‌లో నాలుగు సాంచెలున్నాయి, పవర్‌లూమ్‌ను మావాళ్ళు సాంచా అంటారు. మా ఆయనే నేస్తాడు, ఆయనే రిపేరు చేస్తాడు. సాంచా వెనక నూలు చుట్టిన భీము ఉంటుంది. నూలు వదులైతే బట్ట పలచబడుతుంది కాబట్టి, భీము వెనక ఇనుప బిళ్ళ ఒకటి ఎక్కువ తగిలిస్తారు. అప్పటికీ వదులుంటే ఇంకొకటి. ఆయన పుట్టినప్పటి నుంచి చూసిన వైద్యం అదొక్కటే. నా విల్లును తిప్పితిప్పి చూసి ఆయన, "ఏముందే దీంట్ల? వదులున్నది. ఎనక బరువెయ్యాలె" అన్నాడు. పాత సాంచా విప్పినప్పుడు మిగిలిన వాషర్లు డబ్బాలోంచి తీసి వెనక కడ్డీకి వరసగా బిగించాడు. బట్ట మంచిగా దిగినప్పుడు ఎట్లా చూస్తాడో అట్లా చూసుకున్నాడు దాన్ని.

మర్నాడు మైదానంలో విల్లు మూతి ఆకాశం చూసింది. బుడగ ఒక పక్కకు పోయి ఇరుక్కుంది. "ఇంకా వదులుందేమో" అని ఇంటికొచ్చాక ఇంకో రెండు వాషర్లు వేశాడు మహానుభావుడు. నా భుజం పచ్చిపుండయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఉన్న గురి కూడా పోయింది. రాత్రి అమ్మాయికి ఫోన్ చేసి చెప్తే అది నవ్వు ఆపుకోలేకపోయింది.

"అమ్మా, బాపును విల్లు ముట్టనియ్యకు. ఆధీ సగళం కాఢ్, మొత్తం తీసెయ్. మగ ఏక్ ఏక్, అటెనుక ఒక్కొక్కటే పెట్టుకుంట చూడాలె."

"గదే చెప్తున్న మీ బాపుకు. ఇంటడా?"

పక్కనుంచి మా ఆయన, "నీ తాడు వదులున్నదో, నీ చెయ్యి వదులున్నదో ముందుగాల చూసుకో" అని విసుక్కున్నాడు. నా చెయ్యి వదులా! చిన్నప్పటి నుంచి నూలు పట్టిన చెయ్యి నాది. మాటకు మాట అంటించి నిద్రపోయాను.

సర్ అన్నీ తీయించాడు. కళ్ళు మూసుకుని తాడు లాగమన్నాడు, ఒళ్ళు కుదుటపడ్డాక కళ్ళు తెరవమన్నాడు. తెరిచేసరికి బుడగ ఎడమకు పోయి ఉంది. అంటే విల్లు కుడికి వాలుతోంది. ఎడమ కడ్డీకి వాషరొకటి వేసి మళ్ళీ కళ్ళు మూయించాడు. ఇంకోటి. ముందు కడ్డీకి ఇంకోటి. చివరికి కళ్ళు తెరిస్తే బుడగ మధ్యలో బుద్ధిగా కూర్చుంది. ఇంక పండగే అనుకున్నాను. బాణం వదిలాను. విల్లు మెలిక తిరిగింది, బాణం మట్టికట్టలో పడింది.

"విల్లే మంచిది కాదు సర్" అన్నాను కోపంగా. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు నన్ను చూసే అని ఉంటాడు.

సర్ ఫోన్ తీసి, నా ఎడమ చేతిని దగ్గరి నుంచి వీడియో తీశాడు. తరువాత పందిరి కింద కూర్చోబెట్టి దాన్ని నెమ్మదిగా నడిపించి చూపించాడు. తాడు లాగినంతసేపూ నా చెయ్యి చెప్పినట్టే ఉంది, వేళ్ళు వదులుగా, అరచెయ్యి తెరిచి. గుర్రం నొక్కాను. తాడు వదిలింది. బాణం ఇంకా విల్లు దాటలేదు, అప్పుడే నా వేళ్ళు అయిదూ గప్పుమని మూసుకుని విల్లును పట్టేశాయి. దొంగను పట్టుకున్నట్టు పట్టేశాయి. ఆ పట్టుకే విల్లు మెలిక తిరుగుతోంది. ఒక్కోసారి ఒక్కోలా పట్టుకుంటున్నాను గనుక బాణం ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతోంది.

"యే క్యా కర్ రహీ హో తాయీ?" అన్నాడు సర్, ఇదేం చేస్తున్నారక్కా అని.

ఆయనకు అర్థం కాలేదు. నాకు చూడగానే అర్థమైంది, నవ్వొచ్చింది. అది నా కండెల చెయ్యి.

మా ఇంటి ముందు గదిలో కండెల మిషనుంది. నూలు ఉండల నుంచి సాంచెలకు కావలసిన చిన్న కండెలకు పోగు చుట్టుకుంటూ ఉంటుంది. పోగు తెగిందంటే, ఎడమ చేత్తో తిరిగే కండెను పట్టి ఆపాలి, కుడి చేత్తో కొస వెతికి ముడెయ్యాలి. ఆలస్యమైతే నూలంతా చిక్కు. మా అమ్మ నాకు పని నేర్పినప్పుడు చెప్పింది ఒకటే మాట, "తెగితే ముందుగాల పట్టుకో, అటెనుక చూడు." కన్ను చూసేలోపే చెయ్యి పోవాలి. పోనిదాన్ని మావాళ్ళు పనిమంతురాలు అనరు. నా ఎడమ చెయ్యి ఇన్నేళ్ళుగా ఆ ఒక్క మెచ్చుకోలు మీదే బతికింది. ఇప్పుడు బిగుతుగా ఉన్న తాడు ఒక్కసారి వదిలేసరికి, పోగు తెగిందనుకుని ఎగబడి పట్టుకుంటోంది.

ఇంటికి వచ్చి చెప్తే మా ఆయన నమ్మలేదు. "గంత అలవాటు ఎట్లయితదే? నేను జూపిస్త" అని ఆ ఆదివారం నాతో మైదానానికి వచ్చాడు. ఆయన విల్లు పట్టింది ఆ రోజే. దగ్గరి టార్గెట్ మీద ఒక బాణం వదిలాడు. ఎంత గట్టిగా పట్టేశాడంటే విల్లు అడ్డం తిరిగి, ముందు కడ్డీ వెళ్ళి సర్ టోపీని ఎగరగొట్టింది. సాంచాలో ఏ చప్పుడు తేడా వచ్చినా ముందు హ్యాండిల్ పట్టి లాగి ఆపడం ఆయన పని మరి. సర్ టోపీ దులుపుకుంటూ, మీ కామత్‌ఘర్ వాళ్ళు ఎవరొచ్చినా మొదట ఇట్లాగే పట్టేస్తారు, ఇన్నాళ్ళూ అది భయం అనుకున్నాను అన్నాడు.

"భయం గాదు సర్, పని" అన్నాడు మా ఆయన. నాకు ఆ మాట నచ్చింది.

పేరు తెలిసినంత మాత్రాన రోగం పోదు. పొద్దున కండెల ముందు కూర్చుంటే చెయ్యి పట్టుకోవాలి, సాయంత్రం మైదానంలో అదే చెయ్యి వదిలెయ్యాలి. పొద్దున నేర్పింది సాయంత్రం చెరిపెయ్యాలి, సాయంత్రం చెరిపింది పొద్దున మళ్ళీ నేర్పాలి. కండెలు మానేస్తానా? మానేస్తే సాంచెలేం తింటాయి? విల్లు మానేస్తానా? ఆ ఆలోచన వస్తేనే కోపమొచ్చేది.

పట్టుకోకపోతే విల్లు కింద పడుతుందని చేతికి దిగులు. ముందు ఆ దిగులు తీర్చాలన్నాడు సర్. బట్ట అంచు కోసినప్పుడు మిగిలే గట్టి పట్టీ ఒకటి తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ రెండు ఉంగరాల్లా వచ్చేట్టు కుట్టుకున్నాను. విల్లు ముందు నుంచి ఆ పట్టీ పోతుంది. చెయ్యి పూర్తిగా తెరిచినా విల్లు దానికే వేలాడుతుంది, పడదు. బాణం పెట్టకుండా, తాడు లాగకుండా, ఉత్త విల్లును చేతిలో నిలబెట్టి వదిలేయడం నేర్చుకున్నాను. వంటింట్లో వదిలాను, డాబా మీద వదిలాను. అది ముందుకు తూగి పట్టీకి ఆగేది. మా ఆయన మంచం మీద నుంచి, "ఇడువు... ఇడువు... ఆఁ, మల్ల పట్టినవ్" అని లెక్కపెట్టేవాడు. మొదట్లో చిరాకేసేది. పోనుపోను ఆయన మాట లేకపోతే తోచేది కాదు.

కొన్నాళ్ళకు చెయ్యి తెరుచుకోవడం మొదలైంది. అప్పుడు వింతొకటి జరిగింది. విల్లు ప్రతి బాణానికీ కొద్దిగా కుడికే వాలసాగింది. ఎప్పుడూ కుడికే, ఎప్పుడూ అంతే. నేను నీరుగారిపోయాను కానీ సర్ మొహం వెలిగింది. ఇన్నాళ్ళూ నా చెయ్యి అడ్డుపడి విల్లు అసలు నడక ఆయనకు కనిపించలేదట. తప్పు రోజుకొక రకంగా జరిగితే ఏం చెయ్యలేం, ఒకే రకంగా జరిగితే బరువేసి సరిచెయ్యొచ్చు అన్నాడు. ఎడమ కడ్డీని ఇంకాస్త పక్కకు తిప్పి, దాని కొసకు వాషరొకటి పెంచాడు. ముందు కొసకు ఒకటి తగ్గించి, మళ్ళీ వేసి చూశాడు. విల్లు ఇటూ అటూ వాలకుండా నేరుగా ముందుకు తూగింది. చెంబులో నీళ్ళు ఒంపినట్టు నింపాదిగా ఒరిగింది. ఆ తూగు చూసిన రోజు నాకు నిజంగా సంతోషమేసింది. ఇంటికొచ్చి పప్పుచారు కాచి, మా ఆయనకు అడగకుండానే రెండోసారి వడ్డించాను.

"సూసినవా, ఆఖరికి నా వాషర్లే దిక్కయినయ్" అన్నాడు. కాదనలేదు. అవి ఆయనవే.

పరీక్ష రోజు వచ్చింది. ఇంటి దగ్గర ఎవరికీ చెప్పొద్దని మా ఆయనకు చెప్పాను. అంటే ఆయన గల్లీ మొత్తానికి చెప్పాడు. అటు పాళీ, అంటే షిఫ్టు, దిగి ఇటొచ్చిన సాంచెల మనుషులు, బనీన్లకు అంటిన నూలు దూది కూడా దులుపుకోకుండా వచ్చి, మైదానం చుట్టూ ఉన్న తీగల జాలీ పట్టుకుని వరసగా నిలబడ్డారు. ఒకాయన పల్లీల పొట్లం తెచ్చుకున్నాడు. సినిమాకు వచ్చినట్టున్నారని ఒళ్ళు మండింది. ఇప్పుడు ఒక్క బాణం తప్పినా రేపు నూలు తీసుకోవడానికి గల్లీలోకి ఏ మొహంతో వెళ్ళను?

మొదటి బాణం పలకలో పడింది. రెండోది కాస్త కుడి, పలకలోనే. తరువాతివి ఇంకా నయం. కట్ట వెనక కార్ఖానాలో సాంచెలు ఎప్పటిలాగే టకటకమని మోగుతున్నాయి. ఆ మోత నాకు అమ్మవారి గుళ్ళో డప్పులా అలవాటు. అందులో నా విల్లు చప్పుడు నాకెప్పుడూ సరిగా వినిపించలేదు, వినవలసిన పనీ పడలేదు.

ఆఖరి బాణం పెట్టాను. తాడు లాగాను, చక్రాలు తిరిగి బరువు దిగింది. బుడగ మధ్యలోకి వచ్చింది. అప్పుడు కరెంటు పోయింది.

సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో సాంచెల మధ్య బతకనివాళ్ళకు చెప్పడం కష్టం. కరెంటు పోయిన క్షణాన నేసేవాడి చెయ్యి హ్యాండిల్ మీదికి పోవాలి, లేకపోతే కరెంటు తిరిగి వచ్చినప్పుడు సాంచా తనంతట తానే కదిలి పోగులన్నీ తెంపేస్తుంది. కండెల మిషను దగ్గరా అంతే, ఆగే మిషను పోగు లాగెయ్యకుండా ముందు పట్టుకోవాలి. నా ఎడమ చేతి వేళ్ళు ఝల్లుమన్నాయి. లోపలికి ముడుచుకోబోతున్నాయి, నాకు తెలుస్తోంది. తాడు దించి మళ్ళీ లాగవచ్చు, సర్ ఏమీ అనడు. కానీ దించాలంటే ముందు ఆ వేళ్ళతో విల్లును గట్టిగా పట్టుకోవాలి. పట్టుకుంటే ఇంక ఈ రోజుకు అవి తెరుచుకోవు.

పోగు తెగలేదు అని చెప్పుకున్నాను. ఏదీ తెగలేదు. వేళ్ళు మెల్లగా వదులయ్యాయి. బుడగ కొంచెం కదిలి, మళ్ళీ వచ్చి మధ్యలో కూర్చుంది. గుర్రం నొక్కాను.

ఠప్పుమంది. ఆ నిశ్శబ్దంలో నా విల్లు చప్పుడు మొదటిసారి విన్నాను. అచ్చం పోగు తెగినట్టే ఉంది, కాకపోతే వంద పోగులు ఒక్కసారి తెగినట్టు. విల్లు నా అరచేతిలోంచి ముందుకు జారి, తూగి, పట్టీకి ఆగి వేలాడింది. నా చెయ్యి తెరిచే ఉంది. దూరంగా పలకలో బాణం కనిపించింది, నడిమధ్యనుండే పసుపు రంగుకు బాగా దగ్గరలో.

సర్ పలక దాకా నడిచి వెళ్ళి ఆరూ చూసుకుని వచ్చాడు. "తాయీ, పోటీ నాడు తొందరగా రండి, గీత మీద ఎడమ నుంచి మొదటి జాగా మీది" అన్నాడు హిందీలో. నేను తలూపాను.

చప్పట్లు కొడతారేమో అని వెనక్కి తిరిగాను. ఎవరూ కొట్టలేదు. కొట్టడానికి ఒక్కరి చెయ్యీ ఖాళీగా లేదు. వరసలో ఉన్నవాళ్ళంతా, సాంచెలు ఆగగానే పట్టేసుకున్నారేమో, జాలీని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, వేళ్ళు తెల్లబడేలా బిగించి, అట్లాగే నిలబడి ఉన్నారు. పల్లీలన్నీ నేల మీద పడి ఉన్నాయి. మా ఆయన పట్టు అందరికంటే గట్టిగా ఉంది. నా చేతి వంక చూశాడు, తరువాత తన చేతుల వంక చూసుకున్నాడు. అవి ఇంకా వదలలేదు.

"నీ చెయ్యి పోలేదే" అన్నాడు మెల్లగా. "అందరియి పోయినయ్, నీదొక్కటి పోలే."